నకమురా చేతిలో గడియారం

[చెస్ ఆడేవాళ్ళు, నేర్పేవాళ్ళు కలుసుకున్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం]

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, కాస్త గట్టిగా మాట్లాడతాను.

ఇవాళ అమెరికా చెస్ ఆటగాడు హికారు నకమురా ఆన్‌లైన్‌లో ఎలా ఆడతాడో చెప్పుకుందాం. దానికి ముందు నేను ఎలా ఆడతానో చెప్పాలి. నవ్వకండి. కొన్నేళ్ళ కిందట ఒక బుల్లెట్ ఆటలో, అంటే ఆట మొత్తానికి ఒక్కొక్కరికి ఒకే నిమిషం ఉండే ఆటలో, నాకు మంత్రి ఎక్కువ ఉంది. ఇప్పటి పిల్లలు క్వీన్ అంటారు, నాకు మంత్రి అనే అలవాటు, అలాగే అంటాను. అవతలివాడికి మిగిలింది ఒక గుర్రం, రెండు బంట్లు. నా గడియారంలో ఆరు సెకన్లు, అతని గడియారంలో తొమ్మిది. నాలుగు ఎత్తుల్లో కట్టేస్తాను కదా, ఆరు సెకన్లు చాలవా అనుకున్నాను. అతను గుర్రంతో చెక్ ఇచ్చాడు. రాజును జరిపాను. మళ్ళీ చెక్. మళ్ళీ జరిపాను. మూడో చెక్‌కి రాజును ఎటు జరపాలో చూసుకునేలోపు నా టైమ్ అయిపోయింది. మంత్రి నాది, గెలుపు అతనిది.

ఆ రోజు చాలా కోపం వచ్చింది. ఇదేం చెస్, ఇది మౌస్ తిప్పే పోటీ అని ఒకరిద్దరితో వాదించాను కూడా. తర్వాత నకమురా ఆటలు వరసపెట్టి చూడటం మొదలుపెట్టాను. చూడగా చూడగా నా వాదన నాకే నిలబడలేదు. అవతలివాడు గుర్రంతో ఇచ్చిన ఆ మూడు చెక్‌లు గుడ్డిగా ఇచ్చినవి కావు. నా చేతిని కట్టేయడానికే ఇచ్చాడు. ఎలా కట్టేశాడో కాసేపట్లో చెబుతాను.

ముందు మనిషి గురించి రెండు మాటలు. 1987 డిసెంబర్ 9న జపాన్‌లో, ఒసాకా ప్రాంతంలోని హిరకతలో పుట్టాడు. రెండేళ్ళ వయసులో అమెరికా వచ్చేశాడు. మారుతండ్రి సునీల్ వీరమంత్రి శ్రీలంక నుంచి వెళ్ళినవాడు, ప్రపంచ చెస్ సంఘం ఇచ్చే ఫిడే మాస్టర్ బిరుదు ఉన్నవాడు, పేరున్న కోచ్. అన్న అసుకా కూడా చిన్నప్పుడు బాగా ఆడేవాడు. నకమురా 2003లో 15 ఏళ్ళ 79 రోజులకి, చెస్‌లో అన్నిటికన్నా పెద్ద బిరుదైన గ్రాండ్‌మాస్టర్ తెచ్చుకున్నాడు. అమెరికాలో అందరికన్నా చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన రికార్డు అప్పటిదాకా బాబీ ఫిషర్ పేరున ఉండేది. ఐదుసార్లు అమెరికా చాంపియన్, 2011లో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ టోర్నీ విజేత, 2015 అక్టోబర్‌లో ఆట బలాన్ని కొలిచే రేటింగ్ 2816. ఇవన్నీ బోర్డు ముందు కూర్చుని సాధించినవి. అంటే కంప్యూటర్ ముందు పుట్టి అక్కడే పెరిగిన ఆటగాడేమీ కాదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆన్‌లైన్ ఆట అనగానే చాలామంది అదేదో వేరే జాతి మనుషుల పని అనుకుంటారు.

అయితే ఆన్‌లైన్ ఆట అనే రెండో చదువు కూడా చిన్నప్పుడే మొదలైంది. ఇంటర్నెట్ చెస్ క్లబ్ అని ఒకటి ఉండేది, 1995లో మొదలైంది. అక్కడ స్మాల్‌విల్ అనే పేరుతో ఇతను ఆడిన మూడు, ఐదు నిమిషాల బ్లిట్జ్ ఆటలకి, బుల్లెట్ ఆటలకి లెక్క లేదు. బళ్ళో చేరినప్పుడు పలక మీద దిద్దినట్టు, ఆ వయసులో ఒక నిమిషం ఆటలు దిద్దాడు. ఇప్పుడు అతని చేతిలో కనిపించేది ఆ దిద్దుడే.

ఒక చిక్కుముడి మీ ముందు పెడతాను. చాలాకాలం ప్రపంచ చాంపియన్‌గా ఉన్న మాగ్నస్ కార్ల్‌సెన్ మీద క్లాసికల్ ఆటల్లో, అంటే గంటల తరబడి నడిచే ఆటల్లో, మొదటి గెలుపు వచ్చేలోపు నకమురా 12 సార్లు ఓడాడు. 2016లో బిల్బావోలో గానీ మొదటిసారి గెలవలేదు. అదే కార్ల్‌సెన్‌ని ఆన్‌లైన్‌లో జరిగిన 2022 స్పీడ్ చెస్ చాంపియన్‌షిప్ ఫైనల్లో 14.5-13.5తో ఓడించాడు. ఆ పోటీని 2018 నుంచి 2022 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది ఇతనే. ఆ పోటీ ఎలా ఉంటుందో తెలుసా? గంటన్నర సేపు ఐదు నిమిషాల ఆటలు, తర్వాత గంట సేపు మూడు నిమిషాల ఆటలు, చివరి అరగంట ఒక నిమిషం ఆటలు. ప్రతి ఎత్తుకీ ఒక సెకను కలుస్తుంది. మూడు గంటలు ఊపిరి సలపదు. మరి అదే బుర్ర, అవే పావులు. గడియారం మారగానే ఎందుకింత తేడా?

వేగం అని మీరు చప్పున అంటారు. నేనూ అదే అనుకునేవాణ్ణి. కానీ వేగంగా ఆడేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నా దృష్టిలో నకమురా గొప్పతనం పొదుపులో ఉంది. ఏ ఎత్తుకి ఎన్ని సెకన్లు ఖర్చు పెట్టాలో అతనికి తెలిసినంతగా ఇంకొకరికి తెలియదేమో అనిపిస్తుంది. పిసినారిలా ఆడతాడు. ఒక్కోసారి మాత్రం పెళ్ళి చేసినవాడిలా ఖర్చు పెడతాడు. ఆ ఒక్కోసారి ఎప్పుడో కనిపెట్టడమే అసలు విద్య.

లెక్క వేసి చూడండి. మూడు నిమిషాల ఆట, అదనపు సెకన్లు లేవనుకుందాం. 180 సెకన్లు. ఆట 40 ఎత్తులు నడిస్తే ఎత్తుకి నాలుగున్నర సెకన్లు. మనం ఇలాగే సమానంగా పంచుతాం. ఇప్పుడు ఇంకో రకంగా చేద్దాం. ఓపెనింగ్‌లో, అంటే ఆట మొదట్లో, పది ఎత్తులు పది సెకన్లలో అయిపోయాయి. ఆ తర్వాత పావు కొడితే తిరిగి కొట్టడం, చెక్ వస్తే ఉన్న ఒక్క గడికి రాజును జరపడం, ఇలాంటి ఆలోచించక్కర్లేని ఎత్తులు ఓ పన్నెండు, పన్నెండు సెకన్లలో అయిపోయాయి. మిగిలింది 18 ఎత్తులు, 158 సెకన్లు. ఎత్తుకి దాదాపు తొమ్మిది సెకన్లు. అంటే కష్టమైన చోట మీకు రెట్టింపు టైమ్ దొరికింది. ఎవరి దగ్గరా అప్పు తీసుకోలేదు, మీ డబ్బే మీరు సరిగ్గా వాడుకున్నారు. నకమురా ఆటలో గడియారాన్ని గమనించండి, టక టక టక టక ఆరేడు ఎత్తులు పడతాయి, తర్వాత ఉన్నట్టుండి ఇరవై సెకన్లు ఆగిపోతాడు. ఆగినచోట వీడియో ఆపి, బోర్డు చూడండి. తొంభై శాతం అక్కడే ఆట తేలిపోయే మలుపు ఉంటుంది. తొంభై అన్నది నా ఉజ్జాయింపు, ఎక్కడా రాసుకోకండి.

ఆ మలుపు వచ్చిందని అతనికి ఎలా తెలుస్తుంది? దీనికి పాత పరిశోధన ఒకటుంది. 1973లో ఛేజ్, సైమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, మంచి ఆటగాళ్ళకి నిజం ఆటల్లోంచి తీసిన పొజిషన్లు, అంటే బోర్డు మీద పావుల అమరికలు, కొన్ని సెకన్లు చూపించి మళ్ళీ పేర్చమన్నారు. చాలావరకు సరిగ్గా పేర్చారు. అవే పావుల్ని అడ్డదిడ్డంగా పడేసి చూపిస్తే, వాళ్ళకీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకీ పెద్దగా తేడా లేకపోయింది. అంటే వాళ్ళు పావులు ఒక్కొక్కటిగా చూడరు, గుత్తులుగా చూస్తారు. మనం అక్షరాలు కూడబలుక్కోకుండా మాటను మాటగా చదివేసినట్టు. నకమురా చదివిన మాటలు ఎన్నో మనం ఊహించలేం. తెలిసిన మాటల దగ్గర చూపు ఆగకుండా జారిపోతుంది. తెలియని మాట తగిలినప్పుడు ఆగుతుంది. ఆ ఇరవై సెకన్లు అక్కడే పోతాయి.

అతను ఆలోచించేటప్పుడు తెర వైపు చూడడు, గమనించారా? తల ఎత్తి పైకి చూస్తాడు. అతను ఆడుతూ నడిపే లైవ్ వీడియో, అదే స్ట్రీమ్, చూసేవాళ్ళకి ఇదో నవ్వులాట. కానీ అది నటన కాదు. పది ఎత్తుల తర్వాతి బోర్డును మనసులో నిలుపుకోవాలంటే కళ్ళ ముందున్న ఇప్పటి బోర్డే అడ్డం. అది తీసేస్తేగానీ ఆ బొమ్మ నిలవదు. మీరూ ఇంట్లో ప్రయత్నించండి, మొదట్లో మూడో ఎత్తుకే చెదిరిపోతుంది.

ఇప్పుడు నా ఆరు సెకన్ల కథకి వద్దాం. ప్రీమూవ్ అంటే తెలుసు కదా. అవతలివాడు ఇంకా ఎత్తు వెయ్యకముందే మన ఎత్తు చెప్పి పెట్టుకోవడం. వాడు వేసీ వెయ్యగానే మనది పడిపోతుంది. చెస్ డాట్ కామ్ అనే సైట్‌లో ప్రీమూవ్‌కి సెకనులో పదో వంతు కోత పడుతుంది. లీచెస్ అనే ఇంకో సైట్‌లో అదీ లేదు, కాకపోతే అక్కడ ఒక్కటే పెట్టుకోగలరు. చెస్ డాట్ కామ్‌లో వరసగా చాలా పెట్టుకోవచ్చు. అందుకే రెండు సెకన్లు మిగిలి ఉన్నా, లెక్క ప్రకారం ఇరవై ఎత్తుల దాకా లాగొచ్చు. బోర్డు ముందు కూర్చునే ఆటలో ఊహించలేని సంగతి ఇది. చెయ్యి కదలాలి, పావు పట్టాలి, గడియారం నొక్కాలి.

ప్రీమూవ్‌కి ఒక బలహీనత ఉంది. పెట్టుకున్న ఎత్తు ఆ సమయానికి చెల్లకపోతే రద్దయిపోతుంది. చెక్ ఇచ్చారనుకోండి, అవతలివాడు పెట్టుకున్న ప్రీమూవ్ ఆ చెక్‌ని తప్పించేది కాకపోతే మాయం. వాడు మళ్ళీ చూడాలి, మళ్ళీ ఆలోచించాలి, మౌస్ మళ్ళీ జరపాలి. అర సెకనో, సెకనో పోతుంది. ఆరు సెకన్లు ఉన్నవాడికి ఒక్కో చెక్ ఒక్కో దెబ్బ. నాకు జరిగింది అదే. గుర్రం చెక్‌కి అడ్డం పెట్టడానికి వీల్లేదు, గుర్రాన్ని కొట్టాలి లేదా రాజు కదలాలి. పైగా గుర్రం ఎక్కడికి గెంతుతుందో కంటికి చప్పున అందదు. కాబట్టి టైమ్ తక్కువగా ఉన్నప్పుడు గుర్రం విలువ పెరుగుతుంది. మూడు పాయింట్లు అని పుస్తకంలో ఉంటుంది, ఐదు సెకన్లు మిగిలినప్పుడు అది మూడు కాదు.

నకమురా దీన్ని చివరి సెకన్లలో వాడే ఎత్తుగడగా వదిలెయ్యలేదు, ముందు నుంచే ఏర్పాటు చేసుకుంటాడు. ఇద్దరికీ ఇరవై సెకన్లు ఉన్నప్పుడే, ఏ పావులు మార్చుకోవాలి, ఏవి ఉంచుకోవాలి అన్న దాంట్లో గడియారాన్ని కూడా కలిపి ఆలోచిస్తాడు. తన రాజును చెక్‌లు తగలని మూలకి ముందే చేరుస్తాడు. అవతలి రాజు మాత్రం ఆరుబయట ఉండేలా చూస్తాడు. అలా అయితే తను నిశ్చింతగా ప్రీమూవ్‌లు పెట్టుకోవచ్చు, అవతలివాడు పెట్టుకోలేడు. ఇంజన్‌ని, అంటే చెస్ ఆడే ప్రోగ్రామ్‌ని, అడిగితే పొజిషన్ సమానం అంటుంది. మింగలేక కక్కలేక అవస్థ పడేది మాత్రం ఒక్కరే.

ఓపెనింగ్‌ల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ అడిగేది అదే, అందులో రహస్యం ఉన్నది తక్కువ. బ్లిట్జ్‌లో తెల్ల పావులతో బీ3తో మొదలుపెట్టడం అతనికి బాగా అలవాటు. మంత్రి వైపు గుర్రం ముందున్న బంటును ఒక గడి జరిపి, శకటును, అంటే బిషప్‌ని, మూల నుంచి చూసేలా పెట్టడం. డెన్మార్క్ గ్రాండ్‌మాస్టర్ బెంట్ లార్సెన్ పేరు దానికి ఉంది. పాపం అదే లార్సెన్ 1970లో బెల్‌గ్రేడ్‌లో అప్పటి ప్రపంచ చాంపియన్ స్పాస్కీ మీద అదే ఎత్తుతో మొదలుపెట్టి 17 ఎత్తుల్లో ఓడిపోయాడు. మరి నకమురా ఎందుకు ఆడతాడు? బీ3 గొప్ప ఎత్తని కాదు. అవతలివాడు రాత్రంతా కూర్చుని బట్టీ పట్టిన ఇరవై ఎత్తులు ఒక్క దెబ్బకి పనికిరాకుండా పోతాయి. నాలుగో ఎత్తు నుంచే ఇద్దరూ సొంత బుర్రతో ఆడాలి. సొంత బుర్రకి టైమ్ పడుతుంది. నకమురాకి ఆ నిర్మాణంలో వేల ఆటల అనుభవం, అవతలివాడికి ఓ పదో పాతికో. పది ఎత్తులయ్యేసరికి అరనిమిషం తేడా వచ్చేస్తుంది. ఆ అరనిమిషాన్ని బంటు కంటే ఎక్కువగా చూస్తాడు అతను.

మరీ వెర్రి ఓపెనింగ్‌లూ ఆడాడు. 2005లో సిగెమన్ టోర్నీలో మన శశికిరణ్ మీద, ఈ4, ఈ5 అని ఇద్దరూ రాజు ముందు బంట్లు జరిపాక, రెండో ఎత్తుకే మంత్రిని హెచ్5కి పంపాడు. క్లాసికల్ ఆటలో! పిల్లలు నాలుగు ఎత్తుల్లో కట్టేయడానికి ఆడతారే, అది. ఆట ఓడిపోయాడు. 2021 మార్చిలో ఒక ఆన్‌లైన్ టోర్నీలో కార్ల్‌సెన్, ఇతను ఇద్దరూ రెండో ఎత్తుకే రాజుల్ని ముందుకు నడిపించారు. బాంగ్‌క్లౌడ్ అంటారు దాన్ని. ఇద్దరూ అప్పటికే నాకౌట్‌కి చేరిపోయారు, ఆరు ఎత్తుల్లో డ్రా. కొందరు పెద్దవాళ్ళకి అది నచ్చలేదు. నాకు మాత్రం కామెంటేటర్ పగలబడి నవ్విన నవ్వు నచ్చింది.

ఇంతకంటే నాకు ఇష్టమైన ఆట ఇంకోటుంది. 2008లో రిబ్కా అనే ఇంజన్ మీద ఆడింది. అప్పట్లో అన్నిటికన్నా బలమైన ప్రోగ్రామ్ అది. మూడు నిమిషాల ఆట. మనిషి గెలుస్తాడని ఎవరూ అనుకోరు. నకమురా నల్ల పావులతో ఏం చేశాడంటే, బంట్లను ఎదురెదురుగా బిగించి బోర్డు మధ్యలో గోడ కట్టేశాడు. లోపలికి దారి లేదు, బయటికి దారి లేదు. ఆ తర్వాత పావుల్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఇంజన్ దగ్గర విలువైన పావులు ఎక్కువ ఉన్నాయి. అందుకని తానే గెలుస్తున్నానని అది లెక్క వేసుకుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్నట్టు, ఆ లెక్క మార్చుకోలేదు. యాభై ఎత్తుల్లో పావు కొట్టడం గానీ బంటు కదలడం గానీ లేకపోతే డ్రా అడగొచ్చు కదా. గెలుస్తున్నవాడు డ్రా ఎందుకు ఒప్పుకుంటాడు? అందుకని ఆ యాభై దగ్గర పడేసరికి ఇంజనే గోడను పగలగొట్టింది, తన బంటును తనే పారేసుకుంది. మెల్లగా తలకిందులైంది. ఆట 271 ఎత్తులు నడిచింది. చివర్లో నకమురా బంట్లను మంత్రులుగా మార్చుకోకుండా శకట్లుగా మార్చుకున్నాడు. అది కొంటెతనం. అవతల ఉన్నది యంత్రం కాబట్టి సరిపోయింది, మనిషైతే బాగుండేది కాదు.

ఆ కొంటెతనం పక్కన పెట్టండి. అందులో అసలు సరుకు చూడండి. పొజిషన్‌లో ఏముందో చూడటం ఒక ఎత్తు. అవతలివాడు దాన్ని ఏమని అనుకుంటున్నాడో చూడటం ఇంకో ఎత్తు. ఆన్‌లైన్ ఆటలో అవతలివాడి ముఖం కనిపించదు. కానీ గడియారం కనిపిస్తుంది. ఎక్కడ ఆగాడు, ఎక్కడ తొందరపడ్డాడు, అన్నీ అక్కడ రాసి ఉంటాయి. అవతలివాడు పదిహేను సెకన్లు ఆలోచించి ఒక మామూలు ఎత్తు వేశాడంటే, ఏదో గొప్పది వెతికి దొరక్క వదిలేశాడని అర్థం. నకమురా స్ట్రీమ్‌లో ఇలాంటివి పైకే చెప్పేస్తుంటాడు.

స్ట్రీమ్ అంటే గుర్తొచ్చింది. మనకి అవధానం తెలుసు. అవధాని పద్యం కడుతుంటే పక్కన అప్రస్తుత ప్రసంగి కూర్చుని, సంబంధం లేని ప్రశ్నలతో ఏకాగ్రత చెడగొట్టాలని చూస్తాడు. అవధాని చమత్కారంగా జవాబు చెప్పి మళ్ళీ పద్యంలోకి వెళ్ళిపోతాడు. నకమురాకి అప్రస్తుత ప్రసంగులు వేలమంది. చాట్‌లో ఒకరు జుట్టు గురించి అడుగుతారు, ఒకరు నిన్నటి ఆట గురించి అడుగుతారు. చదువుతాడు, జవాబు చెబుతాడు, మధ్యలో గ్రాండ్‌మాస్టర్‌ని ఓడిస్తాడు. మొదట్లో ఇది ఒట్టి గారడీ అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవట్లేదు. పైకి మాట్లాడుతూ ఆడేవాడు తన ఆలోచనని మాటల్లో పెట్టాలి. ఇది కొడతాడు, నేను కొడతాను, వాడు ఇటొస్తాడు, నేనిటు వెళ్తాను అని వరస చెప్పాలి. మాటల్లో పెట్టినప్పుడు అనవసరమైన కొమ్మలు రాలిపోతాయి. మనలో చాలామందికి ఆలోచన ఒకే రెండు ఎత్తుల మధ్య గిరగిరా తిరుగుతుంది, టైమ్ అక్కడే పోతుంది. బయటికి చెబితే అదే మాట రెండోసారి చెప్పడానికి మనకే సిగ్గేస్తుంది.

ఇంత గెలిస్తే అనుమానాలూ వస్తాయి. 2023 నవంబర్‌లో మాజీ ప్రపంచ చాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్, ఇతని గెలుపుల వరస ఒకటి చూపించి ప్రశ్నలు లేవనెత్తాడు. 46 ఆటల్లో 45.5 పాయింట్లు. వినగానే ఎవరికైనా అనుమానం వస్తుంది. చెస్ డాట్ కామ్ పరిశీలించి, మోసం జరిగిందనడానికి ఆధారం లేదని ప్రకటించింది. ఆ గొడవలోకి నేను వెళ్ళను, లెక్క మాత్రం చెబుతాను. రేటింగ్‌లో 400 పాయింట్లు తేడా ఉంటే, పైవాడు నూటికి 91 పాయింట్లు తెచ్చుకుంటాడని ఎలో సూత్రం చెబుతుంది. మనం సులువుగా ఉండటానికి నూటికి 90 ఆటలు గెలిచేవాడనుకుందాం. అలాంటివాడు ఒక చోట మొదలుపెట్టి వరసగా 45 గెలిచే అవకాశం 115లో ఒకటి. చాలా తక్కువ కదా? కానీ వాడు ఆడుతూనే ఉంటే అలాంటి వరస సగటున ఎన్ని ఆటలకి ఒకసారి వస్తుంది? 1,140కి అటూ ఇటూగా. ఇంట్లో వేసి చూసుకోండి. నకమురా ఆడినవి వెయ్యి కాదు, అనేక వేలు. తనకంటే బాగా తక్కువ రేటింగ్ వాళ్ళతో గంటల తరబడి వరసగా ఆడే అలవాటూ ఉంది. అంతమందితో అన్ని ఆటలాడితే ఇలాంటి వరస రాకపోతేనే వింత. రేటింగ్ తేడాలు ఆటకో రకంగా ఉంటాయి కాబట్టి నా లెక్క మొరటు లెక్కే. అయినా దిక్కు చూపిస్తుంది.

లోపాలు లేవా? ఉన్నాయి. ప్రతి మంగళవారం చెస్ డాట్ కామ్‌లో టైటిల్డ్ ట్యూస్‌డే అనే బ్లిట్జ్ పోటీ జరుగుతుంది, గ్రాండ్‌మాస్టర్ లాంటి టైటిల్ ఉన్నవాళ్ళకే. దాన్ని పదుల సార్లు గెలిచాడు. అయినా బోర్డు మీద జరిగే ప్రపంచ బ్లిట్జ్ టైటిల్ మాత్రం అతనికి దక్కలేదు. దగ్గరి దాకా వెళ్ళాడు, 2022లో రెండో స్థానం. ఎందుకు అంటే, ప్రీమూవ్ లేదు, మౌస్ లేదు అని చెప్పి ఊరుకోవచ్చు. నాకు ఇంకోటి అనిపిస్తుంది. పొదుపుగా ఆడేవాడికి ఒక ప్రమాదం ఉంది. సరిపోతుంది అనుకున్న ఎత్తుతో సరిపెట్టుకోవడం అలవాటవుతుంది. మూడు నిమిషాల్లో అది వరం. కొన్ని గంటల ఆటలో, కార్ల్‌సెన్ లాంటివాడు ఎదురుగా ఉన్నప్పుడు, సరిపోయే ఎత్తు ఒక్కోసారి సరిపోదు. ఆ 12 ఓటముల్లో కొన్ని అలాంటివే అని నా నమ్మకం. అన్నీ కాదు.

అయితే కథ అంత సూటిగా లేదు. 2020లో అందరూ ఇళ్ళల్లో ఉన్నప్పుడు స్ట్రీమింగ్‌లో మునిగిపోయాడు, క్లాసికల్ దాదాపు వదిలేశాడు. ఆ ఆగస్టులో కార్ల్‌సెన్‌తో ఆన్‌లైన్ ర్యాపిడ్ ఫైనల్, అంటే బ్లిట్జ్ కన్నా కాస్త ఎక్కువ టైమ్ ఉండే ఆటల ఫైనల్, ఏడు సెట్లు నడిచి, ఆర్మగెడాన్‌లో, అంటే డ్రా అయితే నల్ల పావులవాడే గెలిచినట్టు లెక్కేసే చివరి ఆటలో, తేలింది. ఓడింది ఇతనే. రెండేళ్ళకి పైగా క్లాసికల్ ముట్టకుండా 2022లో బెర్లిన్ గ్రాండ్ ప్రీ టోర్నీకి వచ్చాడు. తుప్పు పట్టి ఉంటాడని అందరూ అనుకున్నారు. గెలిచాడు. ప్రపంచ చాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే క్యాండిడేట్స్ టోర్నీకి వెళ్ళాడు. 2023లో నార్వే చెస్ టోర్నీ గెలిచాడు. ఇప్పుడు నా ఉద్యోగం స్ట్రీమింగ్, చెస్ ఫలితం ఏమైనా పెద్దగా పట్టించుకోను అని అప్పట్లో పదే పదే అనేవాడు. ఎంత నిజమో గానీ, టెన్షన్ తగ్గిందన్నది ఆటలో కనిపించింది. ఆ 2022 క్యాండిడేట్స్‌లో చివరి రౌండు, డింగ్ లిరెన్ మీద డ్రా చేస్తే రెండో స్థానం. ఓడిపోయాడు. తర్వాత కార్ల్‌సెన్ టైటిల్ వదులుకున్నాడు, రెండో స్థానంలో ఉన్న డింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌కి వెళ్ళి 2023లో గెలిచాడు. ఆ రోజు నకమురాకి కావలసింది అర పాయింటు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, అమ్మా, చెప్పండి.

మీ అబ్బాయి బుల్లెట్ తప్ప ఏమీ ఆడట్లేదంటారు. రేటింగ్ ఎంత? సరే. నకమురా బుల్లెట్ ఆడే పెరిగాడు కదా అని వాడు మీతో వాదిస్తున్నాడు, అంతేనా? నిజమే, ఆడాడు. కానీ అదే వయసులో బోర్డు మీద గంటల తరబడి ఆడే టోర్నీలు కూడా ఆడాడు, ఇంట్లోనే కోచ్ ఉన్నాడు. పొదుపు చెయ్యాలంటే ముందు చేతిలో డబ్బుండాలి. గుత్తులుగా చూడటం అన్నాను చూడండి, ఆ గుత్తులు నిదానంగా ఆడిన ఆటల్లోంచే వస్తాయి. ఆపెయ్యమని చెప్పకండి, ఆపడు. రోజుకి పది బుల్లెట్ ఆటలాడితే, అందులో ఒకటి తీసుకుని అరగంట కూర్చుని చూడమనండి. ఇంజన్ పెట్టకుండా.

అక్కడ బాబు. అర్జున్ గురించా? అడుగుతారనుకున్నాను. వరంగల్ అర్జున్ ఇరిగైసి చెస్ డాట్ కామ్‌లో పెట్టుకున్న పేరు గాండీవం. పక్కన పుట్టిన సంవత్సరం 2003. అర్జునుడి విల్లు, ఎంత బాగా కుదిరిందో. 2024 డిసెంబర్‌లో 2800 రేటింగ్ దాటాడు, ఆనంద్ తర్వాత ఇండియాలో అతనే. ఇద్దరి ఆటా ఒకేలా ఉంటుందా అంటే, ఉండదు. నకమురా రిస్క్‌ని అవతలివాడి నెత్తిన పెడతాడు. అర్జున్ తన నెత్తిన కూడా పెట్టుకుంటాడు. సమానంగా ఉన్న పొజిషన్‌ని డ్రాకి వదలడం అతనికి నచ్చదు, గెలుపు కోసం కాస్త చెడగొట్టుకోవడానికైనా సిద్ధం. చూసేవాళ్ళకి పండగ. వాళ్ళింట్లోవాళ్ళకి ఎలా ఉంటుందో తెలియదు.

ఇంకొకటే తీసుకుంటాను, హాలు ఖాళీ చెయ్యాలట. మీరు. మంత్రి ఉండి కూడా నేను ఓడిన ఆట సంగతి, అక్కడ ఏం చేసి ఉండాల్సింది? మంచి ప్రశ్న. మంత్రిని ఇచ్చి గుర్రాన్ని తీసేసుకోవాల్సింది. మూడో చెక్‌కి ముందు ఆ అవకాశం ఉంది, తర్వాత చూసుకున్నాను. గుర్రం పోతే చెక్‌లు పోతాయి. రెండు బంట్లకీ నా రాజు దగ్గర్లోనే ఉంది, డ్రా అయినా వచ్చేది. మంత్రి విలువ తొమ్మిది, గుర్రం విలువ మూడు అని నేర్చుకున్న బుర్ర కదా, ఆ ఆరు సెకన్లలో ఆ ఎత్తు తట్టనే లేదు.